మొగలి చేతిలో మోకు

పొద్దు నడినెత్తికెక్కింది. కనుచూపు మేర నీళ్ళే. పైన ఆకాశం, కింద నీళ్ళు, రెండూ ఒకటే నీలం కావడంతో తెప్పల మీది జనానికి తాము తేలుతున్నామో వేలాడుతున్నామో తెలియడం లేదు. మొన్నటిదాకా చెరకుతోటలతో, వరిమళ్ళతో, కొంగల బారులతో కళకళలాడిన హరితకేదార రాజ్యం ఇప్పుడు ఆ నీలం అడుగున పడి ఉంది. కోట మీది బంగారు కలశం చుట్టూ రొయ్యలు తిరుగుతున్నాయి. రాజవీధిలో జలగలు ఊరేగుతున్నాయి. సింహాసనం తనకివ్వలేదని జలకంకాళుడనే మాంత్రికుడు తన కమండలాన్ని బోర్లించిపోయిన ఫలితం అది. ఆ చిన్న కమండలంలో ఒక సముద్రం దాగి ఉందని ఎవరికి తెలుసు?

బతికినవాళ్ళు వెదురు తెప్పలు కట్టుకుని, వాటిని ఒకదానికొకటి ముడివేసుకుని, మధ్యలో కొండలా తేలుతున్న కూర్మరాజుకు ఆనుకుని ఉన్నారు. కూర్మరాజంటే ముసలి తాబేలు. దాని వీపు మీద నాచు పొదల్లా పెరిగింది, పక్షులు గూళ్ళు కట్టాయి. ఆ తాబేలు ఉదయం గుహలాంటి నోరు తెరిచి ఒక మాట చెప్పింది.

"నా వీపు విశాలమే. కానీ మట్టి విత్తనం లేదు. మీ రాజ్యం మట్టిని, మీ సొంత మట్టిని, గుప్పెడు తెచ్చి నా వీపు మీద వెయ్యండి. అది పెరిగి నేలవుతుంది. పొద్దు గుంకేదాకా మాత్రమే నేను పైన ఉండగలను. చీకటి పడితే నా ఒళ్ళు నా మాట వినదు, లోతుకు దిగిపోతాను. నాతోపాటు మీ తెప్పలూ వస్తాయి."

అందుకే ఆ ఉదయం నుంచీ మునకలు సాగుతున్నాయి.

మొదట మునిగింది యువరాజు జయకేతనుడు. నడుముకు మోకు కట్టుకుని, దట్టీ బిగించి, సింహంలా దూకాడు. మోకు చివర పట్టుకున్నది మహారాణి. నీటి మీద నాలుగు బుడగలు కనబడేసరికి "నా తండ్రీ!" అని కేకపెట్టి ఆవిడ బిడ్డను జాలరి చేపను లాగినట్టు లాగేసింది. యువరాజు సగం లోతు కూడా వెళ్ళలేదు. ఒక్కసారిగా పైకి రావడంతో చెవుల్లోంచి నెత్తురు కారి తెప్ప మీద వెల్లకిలా పడ్డాడు.

"అమ్మా, నన్ను చంపేశావు" అన్నాడు మూలుగుతూ.

"బతికించుకున్నాను నాయనా" అంది మహారాణి, తడి జుట్టు తుడుస్తూ.

తెప్పల పెద్ద తిప్పన్న తాత తలకొట్టుకున్నాడు. "మహారాణిగారూ, మీకు తెలియక చేశారు. మా మునకవాళ్ళలో ఒక కట్టుబాటుంది. మునిగే మనిషి మీద ప్రేమ ఉన్నవాళ్ళు మోకు పట్టకూడదు. ప్రేమ ఉన్న చెయ్యి ఊరుకోదు, తొందరపడి లాగేస్తుంది. లోపల ఉన్న మనిషి రెండుసార్లు గుంజేదాకా కదలకుండా కూర్చునే చెయ్యి కావాలి. పరాయి చెయ్యి కావాలి. మోకు చివర మణికట్టుకు ముడి వేసుకుంటే ఇక మునిగినవాళ్ళు తేలేదాకా చెయ్యి మారకూడదు, ఇంకో చెయ్యి తగలకూడదు. తగిలితే లోపలివాళ్ళ సైగ తెలియదు."

ఈ కట్టుబాటు వల్లనే మునకవాళ్ళలో ఎవరి మనసులో ఎవరున్నారో దాచుకోవడం కుదరదు. పిల్లకు ఈడు రాగానే, ఊళ్ళో ఏ కుర్రాడు ఆమె మోకు పట్టనని చేతులు వెనక్కి పెట్టుకుంటాడో వాడే ఆమెకు మొగుడని ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

మొగలి గుండెలో ముల్లు అక్కడే గుచ్చుకుంది.

మొగలి మునకవాళ్ళ ఆడపిల్లల్లో మేటి. పొడుగ్గా, నల్లగా, కొరడాలా ఉంటుంది. ముత్యపు చిప్పల కోసం ఆమె దిగినంత లోతు మగవాళ్ళు కూడా దిగలేదు. ఆమె మేనత్త కొడుకు ఏరన్న. పుట్టిన దగ్గర్నుంచీ ఏరన్నకు మొగలి అనే అనుకున్నారు అందరూ. కానీ ఏరన్న మొగలి మోకు ఎప్పుడు పట్టమన్నా పట్టాడు. ఎంత సేపైనా, రాయిలా, వక్క నములుతూ పట్టాడు. చెయ్యి ఒక్కసారి వణకలేదు. అదే ఏరన్న, ఎవరికీ పట్టని గవ్వ అనే బక్కపిల్ల మోకు చేతికిస్తే, "నా వల్ల కాదు, చేతులు వణుకుతున్నాయి" అని అందరి ముందూ తెప్ప దిగిపోయాడు. ఆ ఏడే వాళ్ళ పెళ్ళయింది.

గవ్వ ఏమంత అందగత్తె? మూరెడు మనిషి. ముందు పళ్ళు రెండు కాస్త ఎత్తు. మునిగినా తేలినా చప్పుడుండదని పిల్లలంతా 'నీటెలుక' అని పిలిచేవాళ్ళు. ఆ నీటెలుక ఒళ్ళో ఇప్పుడు పొన్ని అనే పాలుతాగే పాప. తెప్ప మీదినుంచి దొర్లిపడుతుందేమోనని పాప నడుముకు గుడ్డపీలిక కట్టి, దాని రెండో కొస తన కాలికి కట్టుకుని నిద్రపోతుంది గవ్వ. పాప తుమ్మితే లేస్తుంది. తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని లేస్తుంది. ఏరన్న తల్లీబిడ్డల మీద ఎండ పడకుండా తన తలగుడ్డ విప్పి గొడుగులా పట్టుకుంటాడు. పక్క తెప్ప మీద మొగలి ఎండలో మాడుతూ అది చూస్తుంటుంది.

యువరాజు తరువాత మునిగింది మొగలి. మోకు పట్టినది, ఇంకెవరు, ఏరన్నే. ఒక చేత్తో మోకు పట్టుకుని రెండో చేత్తో పొన్ని ఉయ్యాల ఊపుతూ కూర్చున్నాడు.

మొగలి అడుగుదాకా వెళ్ళింది. నిజంగానే వెళ్ళింది. కానీ అక్కడ ఆమెకు మట్టి కనబడలేదు. పచ్చని పందిరి కనబడింది. సన్నాయి వినబడింది. పీటల మీద పెళ్ళికొడుకై ఏరన్న కూర్చున్నాడు. పక్క పీట ఖాళీగా ఉంది. ఎదుట పళ్ళెం నిండా తలంబ్రాలు. మొగలి ఒళ్ళు మరిచి రెండు చేతులా తలంబ్రాలు తీసింది. ఊపిరి చాలక మోకు గుంజి పైకి వచ్చి, తాబేలు వీపు మీద గుప్పిళ్ళు విప్పితే, బిలబిలమని నత్తలు రాలాయి.

జనం నవ్వారు. ఏడవలేక నవ్వారు గానీ, నవ్వు నవ్వే.

"కూరకు తెచ్చావా మొగలీ?" అన్నాడెవడో.

అడుగున ఏం చూసిందో మొగలి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది?

అప్పుడే గవ్వ లేచి నిలబడింది.

"తాతా, నేను మునుగుతాను."

ఈసారి జనం నిజంగానే నవ్వారు. యువరాజు కూడా పడుకున్నచోటి నుంచి తల ఎత్తి చూశాడు.

"నువ్వా? ప్రసవమై ఒళ్ళింకా గట్టిపడలేదు. మొగలి వల్ల కానిది నీటెలుక వల్లనా?" అన్నాడు తిప్పన్న తాత.

"మొగలక్క పొడుగు మనిషి తాతా, ఊపిరి ఒళ్ళంతా పంచుకోవాలి. నేను పిసరంత. నాకు కొంచెం చాలు" అంది గవ్వ. పాపను గుండెకు హత్తుకుని మెల్లగా అంది, "రాత్రికి దీన్ని ఎక్కడ పడుకోబెట్టను? నీళ్ళ మీదా? దీనికి నేల కావాలి తాతా. పాకాలి, పడాలి, మన్ను తినాలి. నేను కర్ర పట్టుకుని తిట్టాలి."

ఏరన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. నేను వెళ్తాను."

"నీకు ఈదడం తప్ప మునగడం ఎక్కడొచ్చు? చెయ్యి వదులు. అందరూ చూస్తున్నారు."

తిప్పన్న తాత మోకు కొస పైకెత్తాడు. "దీని మీద ప్రేమ లేనివాళ్ళెవరు? రండి, పట్టండి."

ఎవ్వరూ రాలేదు. వరద వచ్చాక ఆ తెప్పల మీద గవ్వ చేతి గంజి తాగనివాళ్ళు లేరు. తాత ఒక్కొక్కరినీ చూస్తుంటే ఒక్కొక్కరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. చివరికి మహారాణి కూడా.

మొగలి అదంతా చూస్తూ కూర్చుంది. తన మోకు పట్టడానికి ఏనాడూ ఇబ్బంది రాలేదు. అడిగిన ప్రతివాడూ పట్టాడు.

గవ్వ తనే నడుచుకుంటూ మొగలి తెప్ప మీదికి వచ్చింది.

"అక్కా, నువ్వు పట్టు."

"అక్కా గిక్కా అనకు నన్ను."

"సరే, అనను. నువ్వే పట్టాలి. ఈ నీళ్ళ మీద నన్ను నీ అంత చూడలేనివాళ్ళు ఎవరూ లేరు."

మొగలి ఆమె మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తోందేమోనని వెతికింది. లేదు. ఆ పిల్ల మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడుగుతోంది. అదే మొగలిని ఇంకా మండించింది.

"పడతాను. గుంజేదాకా లాగను. నీ మొగుడు నా కాళ్ళ మీద పడ్డా లాగను."

"అందుకే నిన్నడిగాను."

గవ్వ కూర్చుని పాపకు కడుపునిండా పాలిచ్చింది. భుజాన వేసుకుని వీపు నిమిరింది. పాప త్రేన్చాక ఏరన్న చేతికిచ్చి, "తల కింద చెయ్యి పెట్టు, అలా కాదు, ఇదిగో ఇలా. ఎండ మొహాన పడనియ్యకు" అంటూ చెప్పిందే చెప్పింది. తరువాత నడుముకు మోకు బిగించుకుంటూ, మొగలితో గుసగుసగా అడిగింది.

"అడుగుదాకా నువ్వొక్కదానివే వెళ్ళావు. అక్కడేముంది?"

పందిరి ఉంది, మనసులో ఉన్నది కళ్ళకు కట్టే మాయ ఉంది, దాన్ని నమ్మకు అని మొగలి చెప్పవచ్చు. మాట గొంతుదాకా వచ్చింది. కానీ ఏరన్న చేతిలోని తలగుడ్డ నీడ గవ్వ మీదే పడుతోంది.

"బురద" అంది మొగలి. "ఇంకేముంటుంది?"

గవ్వ తల ఊపి నీళ్ళలోకి జారిపోయింది. చప్పుడు కూడా కాలేదు.

మోకు సర్రున దిగసాగింది. మొగలి మణికట్టుకు ముడి వేసుకుని కూర్చుంది.

అంతలో ఒక పుట్టి గిరగిరా తిరుగుతూ వచ్చి తెప్పకు ఆనింది. అందులోంచి ఒక ముసలామె దిగింది. నడుము వంగింది, నోరు ఎర్రగా పండింది, చేతిలో తమలపాకుల సంచి, బొడ్లో సున్నం పెట్టుకునే చిన్న శంఖం.

"పడమటి తెప్పల మంత్రసానిని అమ్మా. పసిబిడ్డ ఉందంటే చూసిపోదామని వచ్చాను" అంటూ మొగలి పక్కనే చతికిలబడింది. "ఎవరమ్మా మునిగింది?"

"నీటెలుక."

"ఓహో, ఆ ఏరన్న పెళ్ళామా? మరి నువ్వు ఆ ఏరన్న మరదలివి కదూ?"

"నీకెలా తెలుసు?"

"నీ మొహం చూస్తే తెలియదా? ఆకలి వేసిన మొహం" అని ముసలామె ఆకుకు సున్నం రాస్తూ నవ్వింది. ఆమె కూర్చున్నచోట తెప్ప తడిసి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అంత ఎండలోనూ ఆమె చీర కుచ్చిళ్ళు ఆరడం లేదు. మొగలి అది చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. ఆమె కళ్ళన్నీ పక్క తెప్ప అంచున నిలబడ్డ ఏరన్న మీదే ఉన్నాయి.

నీటి అడుగున గవ్వ చీకటిని చీల్చుకుంటూ దిగుతోంది. మునిగిన కొబ్బరిచెట్ల తలలు దాటింది, ఇళ్ళ కప్పులు దాటింది. చెవుల్లో సముద్రం గంట కొట్టినట్టు మోగుతోంది. ఇంతలో ఎదురుగా దీపం పెట్టినట్టు వెలుగొచ్చింది. అది తన ఇల్లే. గడప మీద పసుపు ఇంకా చెరగలేదు. ఆ గడప అవతల, మట్టి నేల మీద, పొన్ని!

పాప వెల్లకిలా పడి చేతులు చాచి గుక్కపెట్టి ఏడుస్తోంది. నీళ్ళలో ఏడుపెలా వినబడుతుందని గవ్వ ఆలోచించలేదు. ఏరన్న వదిలేశాడు, పాప జారిపోయింది అనుకుంది. ఒక్క తాపున వెళ్ళి పాపను ఎత్తుకోబోయింది.

చేతులు చాచినది చాచినట్టే ఆగిపోయింది.

పొన్ని పుట్టిన నాటి నుంచీ, ఏ మూల ఏడ్చినా, తెప్పల ఆ చివరి నుంచి వినబడినా, గవ్వ రొమ్ములు సూదులు గుచ్చినట్టు పోటు పెట్టి పాలు చేపుతాయి. రవిక తడిసి సిగ్గుతో చచ్చిపోతుంది. ఇప్పుడు బిడ్డ కళ్ళెదుట గుక్కపట్టింది. ఒంట్లో చలనం లేదు. ఒక్క సూది గుచ్చుకోలేదు.

ఇది నా బిడ్డ కాదు, అనుకుంది గవ్వ.

కళ్ళు గట్టిగా మూసుకుని ఆ పాప వీపు కిందికి చెయ్యి పోనిచ్చింది. పాప కెవ్వుమంది. అమ్మా అని, ఇంకా మాటలు రాని పొన్ని గొంతుతో పిలిచింది. గవ్వ పెదవి కొరుక్కుంది, నెత్తురు ఉప్పగా తగిలింది. ఆ పాప పెద్ద ఎండ్రకాయగా మారి ఆమె మణికట్టును పటుక్కున కరిచింది. గవ్వ చెయ్యి వెనక్కి తీయలేదు. ఇంకా లోపలికి పోనిచ్చింది. మెత్తగా, చల్లగా, హరితకేదారం మట్టి చేతికి తగిలింది. గుప్పిట బిగించింది.

ఊపిరి అయిపోయింది. రెండో చేత్తో మోకు గుంజింది. రెండుసార్లు.

పైన అప్పటికే గోలగోలగా ఉంది. మోకు కదలక చాలాసేపయింది.

"లాగు మొగలీ!" ఏరన్న అరుస్తున్నాడు. "ఇంతసేపు ఎవరూ ఉండలేదు. లాగు!"

"గుంజలేదు బావా. ఇంకా గుంజలేదు."

"నీకు దాని మీద కసి! చంపుతున్నావు దాన్ని!"

"లాగమ్మా, పుణ్యముంటుంది" అని మహారాణి కూడా ఏడ్చింది. ఏరన్న తెప్ప దూకి రాబోతే తిప్పన్న తాతా, ఇంకో ఇద్దరూ పట్టుకున్నారు. "ఇంకో చెయ్యి తగిలితే సైగ తెలియదురా, ఆగు" అని తాత బతిమాలుతున్నాడు. ఏరన్న చంకలో పాప ఏడుస్తోంది. మొగలి రాయిలా కూర్చుంది. తాను కూర్చున్నది కట్టుబాటు కోసమో, కసితోనో ఆమెకే తెలియదు.

అప్పుడు మోకు గుంజింది. రెండుసార్లు. మొగలి మణికట్టు మీద స్పష్టంగా తెలిసింది.

ముసలామె ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది. "ఒక్క రెప్పపాటు. నిన్ను తోయమన్నానా, తెంచమన్నానా? ఒక్క రెప్పపాటు ఆగు. చూడు, మీ బావ నీళ్ళకేసి ఎలా చూస్తున్నాడో. నీ కోసం ఏనాడైనా అలా చూశాడా?"

మొగలి చూసింది. ఏరన్న పెదవులు నల్లబడ్డాయి. కళ్ళల్లోంచి ప్రాణం ముందే నీళ్ళలోకి దూకేసింది. పొద్దున తాను మునిగినప్పుడు ఇదే మనిషి ఉయ్యాల ఊపుతూ కూనిరాగం తీశాడు.

ఒక్క రెప్పపాటు మొగలి చెయ్యి కదలలేదు.

గవ్వ మళ్ళీ గుంజలేదు. ఒకసారి చెబితే చాలనుకుంది ఆ పిల్ల.

ఆ సంగతి తట్టగానే మొగలి పెడబొబ్బ పెట్టి లేచింది. మోకు లాగింది. రెండు చేతులా, పళ్ళతో, నడుముతో లాగింది. అరచేతుల తోలు ఊడి మోకు ఎర్రబడింది. నీళ్ళు బద్దలయ్యాయి. గవ్వ తేలింది. తల వేలాడుతోంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, ముక్కు దగ్గర ఊపిరి లేదు. కుడిచేతి గుప్పిట మాత్రం బిగిసి ఉంది. మణికట్టు మీద ఎండ్రకాయ గాటు.

పక్కన ముసలామె పకపకా నవ్వింది. చూస్తుండగానే వంగిన నడుము తాటిచెట్టులా నిలబడింది. నెరిసిన ముడి విడిపోయి జడలు కట్టిన నీటిపాములయింది. తమలపాకుల సంచి పుర్రెల దండయింది. సున్నపు శంఖాన్ని పైకెత్తి మూత బిగించాడు జలకంకాళుడు. శంఖం లోపల ఏదో గువ్వపిట్టలా కొట్టుకుంటోంది.

"ఈ పిల్ల ఊపిరి! ఆ ఒక్క రెప్పపాటు లేకపోతే ఇది నాకు దొరికేది కాదు. మొగలీ, నీ రుణం తీర్చుకోలేను!" అని గర్జించాడు. యువరాజు కింద పడుకునే బల్లెం విసిరాడు. అది మాంత్రికుడి జడల్లోంచి దూసుకుపోయింది. జలకంకాళుడు సుడిగుండమై తిరిగి, తెప్పను సగానికి విరిచి, లోతుకు దిగిపోయాడు.

గవ్వను తాబేలు వీపు మీద పడుకోబెట్టారు. తిప్పన్న తాత ఆమె గుప్పిట విప్పబోయాడు. రాలేదు. ఇద్దరు కలిసి పట్టినా వేలు కదలలేదు.

"పోయింది" అంది మహారాణి మెల్లగా.

ఏరన్న దగ్గరికి వచ్చాడు. పాపను తల్లి పక్కన పడుకోబెట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పొన్నికి ఆకలి వేసింది. తల్లి వాసన తగిలింది గానీ తల్లి ఎత్తుకోదేం? గుక్కపెట్టింది. తాబేలు వీపంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

గవ్వ తడి రవిక మీద రెండు తెల్లని చుక్కలు కనబడ్డాయి. అవి పెద్దవయ్యాయి. పాలు కారి నాచు మీదికి జారాయి.

"తాతా!" అని మొగలే ముందు అరిచింది. "చేపింది తాతా! బతికే ఉంది! చచ్చిన ఒంటికి పాలు చేపవు!"

ఆ పాలు దిగుతుండగానే గవ్వ వేళ్ళు ఒక్కొక్కటే, మొగ్గ విచ్చినట్టు విచ్చుకున్నాయి. గుప్పిట్లోని నల్లమట్టి తాబేలు వీపు మీద పడింది.

పడ్డ మట్టి పడ్డట్టు ఉండలేదు. నూనెచుక్కలా పాకింది, చాపలా పరుచుకుంది. తాబేలు వీపు దాటి నీటి మీదికి నడిచింది. ఎక్కడ తగిలితే అక్కడ నీళ్ళు వెనక్కి జరిగాయి. గరిక మొలిచింది. గట్లు లేచాయి. పాలు కారినచోట జొన్న మొలక తల ఎత్తింది. జనం ఏడుస్తూ, నవ్వుతూ తెప్పలు దిగి, ఆ తడి మట్టి మీద మొహాలు ఆనించి వాసన చూస్తున్నారు. మట్టిని నుదుట పెట్టుకునేవాళ్ళు, నాలుక మీద వేసుకునేవాళ్ళు. నవ్విన నోళ్ళే నీటెలుక పేరు చెప్పి దణ్ణాలు పెడుతున్నాయి. తన పేరు ఎవరూ ఏనాడూ అలా చెప్పలేదని, ఆ గడియలో కూడా, మొగలి గుండెలో చురుక్కుమంది.

కూర్మరాజు గొంతు కింది నుంచి వినబడింది. "ఊపిరి శంఖంలో ఉన్నంతవరకూ ఆమె ఒళ్ళు చల్లబడదు. పొద్దు గుంకగానే జలకంకాళుడు ఆ ఊపిరి తాగేస్తాడు. అప్పుడు ఈ నేల కూడా నిలవదు. దీని విత్తనం ఆమె గుప్పిట్లోంచి పడింది, ఆమెతోనే పోతుంది."

అందరూ పడమటి దిక్కు చూశారు. పొద్దు వాలుతోంది.

మొగలి ఏరన్న ఎదుటికి వచ్చి నిలబడింది.

"బావా, అడుగున మాయ ఉందని నాకు తెలుసు. గవ్వ అడిగింది, నేను చెప్పలేదు. అది గుంజినప్పుడు ఒక రెప్పపాటు లాగలేదు. కావాలనే."

ఏరన్న లేచాడు. చేతికి అందిన తెడ్డు ఎత్తాడు. అతని మొహం ఏనాడూ అలా లేదు.

"కొట్టు. తరువాత కొట్టు, వద్దనను" అంది మొగలి. నెత్తురు మరకల మోకు కొస అతని చేతిలో పెట్టింది. "ముందు ఇది పట్టు. ఈ నీళ్ళ మీద నన్ను నీ అంత చూడలేనివాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. నువ్వే పట్టాలి."

తెడ్డు మెల్లగా దిగింది. ఏరన్న మోకు మణికట్టుకు చుట్టి ముడి వేసుకున్నాడు.

"నువ్వు గుంజేదాకా లాగను" అన్నాడు. "శంఖం లేకుండా గుంజకు."

మొగలి నడుముకు మోకు బిగించుకుంది. మొలలో చిప్పల కత్తి దోపుకుంది. తాత పాపను ఎత్తి తల్లి రొమ్ముకు అందిస్తున్నాడు. పొన్ని ఏడుపు మాని గుటకలు వేస్తోంది. మొగలి అది ఒక్కసారి కళ్ళారా చూసింది. తరువాత ఏరన్న చేతులు చూసింది. రాయిలా ఉన్నాయి. ఒక్క వేలు కదలడం లేదు.

దూకింది.

కొబ్బరిచెట్ల తలలు దాటింది, ఇళ్ళ కప్పులు దాటింది. నీలం నలుపయింది. ఆ నలుపులో మళ్ళీ సన్నాయి మోగింది, మళ్ళీ పచ్చని పందిరి లేచింది. పీటల మీది పెళ్ళికొడుకు తల ఎత్తి, "వచ్చావా మొగలీ, నీ కోసమే చూస్తున్నాను" అని ఏరన్న గొంతుతోనే అని, రెండు చేతులూ చాచాడు. అతని బొడ్లో చిన్న శంఖం మెరుస్తోంది.

మొగలి అతని మొహం చూడలేదు. చేతులు చూసింది.

ఆ చేతులు ఆమె కోసం గడగడా వణుకుతున్నాయి.

మొగలి కత్తి దూసి పందిట్లోకి దూకింది.